సెస్సు, సరిహద్దు, బాట: పూర్వపు మద్రాసు రాజధాని అంచు తాలూకాలలో రహదారుల నిర్ణయము

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలెను. పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాకు చెందినది. దానికి కూతవేటు దూరమున నున్న పాతపట్నము మద్రాసు రాజధానిలో నిలిచినది. నౌపడనుండి వచ్చు చిన్న రైలుబండి మాత్రము ఆ మరునాడును మునుపటివలెనే పాతపట్నముమీదుగా పర్లాకిమిడి చేరినది. దానికి యజమాని యొక్కడే; ఆ యజమానికి రాష్ట్రముల యెల్లలతో పనిలేదు. రోడ్డు సంగతి అట్టిది కాదు. అంతవరకు ఒకే జిల్లాబోర్డు పద్దులో నున్న బాటకు ఆనాటినుండి ఇద్దరు యజమానులు, రెండు పద్దులు, రెండు మరామతు ప్రణాళికలు ఏర్పడెను.

రాష్ట్ర విభజనలవలన అంచులలో నిలిచిపోయిన తెలుగువారి గూర్చి వ్రాసినవారు భాష, బడి, కచేరి, కొలువు అను వానిని గూర్చి విస్తారముగా వ్రాసిరి. అది ఉచితమే. కాని బాట నెవరు ఎంచుదురు, ఆ బాటకు ధన మెవరిది అను ప్రశ్న అంతగా విచారింపబడలేదు. సంతకు పోవుటకును, పెండ్లికి పోవుటకును, వైద్యునికొరకు పోవుటకును బాట ముందు కావలెను గదా.

కంపెనీ కాలమున రోడ్డు ప్రధానముగా సేనలకొరకు. మద్రాసునుండి శ్రీకాకుళము, ఇచ్ఛాపురము, బరంపురముల మీదుగా కలకత్తాకు పోవు ఉత్తరపు పెద్దబాట అట్టిదే. దాని కిరుప్రక్కల నున్న గ్రామములకు వేసవిలో బండిబాట, వానకాలమున బురద తప్ప మరొకటి లేదు. 1866 నాటి కరవులో ఒరిస్సాతోబాటు గంజాము జిల్లాయు అల్లాడినది. ఆ కరవులో దేశమున గింజలు లేకపోవుట యొకటి. ఉన్న గింజలు లోపలి గ్రామములకు చేరుటకు దారి లేకపోవుట మరొకటి. రెండవది మొదటిదానికంటె తక్కువ ఘోరమని చెప్పుటకు వీలులేదు.

ఆ 1866 లోనే మద్రాసు శాసనసభ జిల్లా రోడ్లకొరకు ఒక చట్టము చేసినది. భూమిశిస్తు రూపాయి కింతయని రోడ్డు సెస్సు వసూలుచేసి, వచ్చిన ధనమును ఆ జిల్లాలోనే వ్యయము చేయవలెనని దాని సారము. 1871 నాటి లోకల్ ఫండు చట్టము ఈ యేర్పాటును విస్తరించినది. జిల్లాలు సర్కిళ్లుగా విభజింపబడెను. ఒక్కొక్క సర్కిలునకు ఒక బోర్డు. సెస్సు రూపాయికి ఒక అణా వరకు పెంచుటకు అధికారము. రోడ్లతోబాటు బడులు, ఆసుపత్రులు, సత్రములు గూడ ఆ నిధిలోనే పోషింపబడవలసి వచ్చినను, పెద్దభాగము రోడ్లకే పోయెడిది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానము ననుసరించి 1884లో ఐదవ చట్టము వచ్చినది. దానితో జిల్లాబోర్డు, దాని క్రింద తాలూకాబోర్డులు, వాని క్రింద యూనియన్ పంచాయతులు అను మూడంతస్తులు ఏర్పడెను. భూమి సెస్సును జిల్లాబోర్డు, తాలూకాబోర్డు సగము సగము పంచుకొనెడివి. రోడ్లును అట్లే విభక్తములయ్యెను: పెద్దబాటలు జిల్లాబోర్డువి, సంతబాటలు తాలూకాబోర్డువి. వీనికి తోడు సుంకపుగేట్ల ఆదాయము, రేవుల పాటలు, బాటకిరువైపుల నాటిన చింత, మామిడి చెట్ల ఫలసాయపు వేలము, సర్కారువా రిచ్చు గ్రాంటు. చింతపండు అమ్మిన డబ్బుతో కంకర తోలించుట నేటివారికి నవ్వు పుట్టించవచ్చును. ఆనాటి బోర్డుల పద్దులలో అది లెక్కింపదగిన రాబడియే.

ఈ యేర్పాటులో ఒక గుణము, ఒక దోషము పెనవేసికొని యుండెను. సెస్సు కట్టినవాని యెదుటనే ఆ డబ్బు ఖర్చగుచుండుట గుణము. రైతు రోడ్డు చూచి, తన అణా ఎక్కడ పోయినదో చెప్పగలిగెడివాడు. కాని శిస్తెక్కువ వచ్చు తాలూకాకు సెస్సెక్కువ, సెస్సెక్కువ వచ్చు తాలూకాకు రోడ్డెక్కువ. మాగాణి తాలూకాకు మెటలు రోడ్డు, మెట్ట తాలూకాకు బండిబాట అనునది ఎవరును వ్రాయని నియమమై పోయెను. అంచు తాలూకాలలో అనేకము మెట్టలు, అడవులు, కొండలు అగుటవలన ఈ నియమపు దెబ్బ వానికే ఎక్కువ తగిలినది. పైగా సభ్యులలో తొలుత అందరును నియమింపబడినవారే, అధ్యక్షుడు కలెక్టరు. గంజాము బోర్డు ఛత్రపురమున కూడెను, సేలము బోర్డు సేలమున కూడెను. పర్లాకిమిడినుండి ఛత్రపురమునకు, హోసూరునుండి సేలమునకు పోయి తన బాటకొరకు మాటలాడుట సామాన్యునికి సాధ్యమగు పని కాదు.

జమీందారీ గ్రామములలో మరొక చిక్కు కలదు. అచ్చట సెస్సును భూస్వామియే సర్కారునకు చెల్లించి, అందులో సగము రైతునుండి రాబట్టుకొనవచ్చును. కనుక బాటపై మాట జమీందారునిదే. సత్సంకల్పము గల జమీందారు దొరికినచోట ఇది మేలే చేసినది. పర్లాకిమిడి రైలు అందుకు తార్కాణము. తూర్పుతీరపు పెద్ద రైలుమార్గము నౌపడమీదుగా పోవుటతో, ఉప్పుకు పేరొందిన ఆ యూరినుండి తన పట్టణమునకు ఒక చిన్నదారి వేయించవలెనని రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవు సంకల్పించెను. సుమారు 7 లక్షల రూపాయల వ్యయముతో, 2 అడుగుల 6 అంగుళముల వెడల్పు గల పట్టాలతో, దాదాపు 25 మైళ్ల మార్గము 1900లో ప్రారంభమైనది. తొలి సంవత్సరములలో అది నష్టమునే చూపినది. 1902 నుండి బెంగాలు-నాగపురము రైల్వేవారు దాని నడపుబాధ్యత స్వీకరించిరి. మార్గము 1929లో కాశీనగరమునకు, 1931లో గుణుపురమునకు పొడిగింపబడెను. వంశధార లోయలోని గింజలకు, అడవి సరుకునకు ఇదియే గతియైనది. జిల్లాబోర్డు సభలో ఓటు లేకయు, సెస్సు పరిమితికి లోబడకయు ఒక సంస్థానాధిపతి తన యెంపికతో తన ధనముతో వేసిన దారి యిది. అదృష్టవశమున అది రైలైనది. రోడ్డే వేయించి యుండినచో 1936లో అదియు చీలి యుండెడిది.

బోర్డులు గూడ రైళ్లకు పూనుకొనకపోలేదు. తంజావూరు జిల్లాబోర్డువారు శిస్తు రూపాయికి 3 పైసల వంతున ప్రత్యేకముగా రైలు సెస్సు విధించి, ఆ ధనముతో మాయవరమునుండి ముత్తుపేటకు 1894లో రైలు నడిపించిరి. నాయకరాజుల నాటినుండి తెలుగు కుటుంబములు పాదుకొనిన కావేరి పల్లపుభూములలో అది సాధ్యమైనది. ఏలనన అచ్చటి శిస్తు పెద్దది, మూడు పైసలనిన పెద్ద మొత్తమే.

సేలము జిల్లా ఉత్తరభాగమున కథ వేరు. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట ప్రాంతములందు తెలుగు ఇంటిభాషగా గల పల్లెలు తరతరములనుండి నిలిచియున్నవి. హోసూరు సీమ 1799లో కంపెనీ వశమై సేలము జిల్లాలో చేరినది. హోసూరు రైతు బెంగుళూరు సంతకు పోవలెనన్న పాతిక మైళ్ల దూరము. జిల్లాకేంద్రమగు సేలము దానికి నాలుగింతలు. చింత, రాగి, ఉలవ, పశువులు అన్నియు బెంగుళూరుకే పోవును. బెంగుళూరు మైసూరు సంస్థానములోనిది. సేలములో కూర్చుండి రోడ్లను తరగతులుగా విభజించువారికి జిల్లాకేంద్రమునకు పోవు బాటలే ముఖ్యములుగా తోచుట సహజము. తిరుపత్తూరునుండి కృష్ణగిరికి 1905లోను, మొరప్పూరునుండి ధర్మపురికి 1906లోను చిన్నరైళ్లు వచ్చెను. ధర్మపురి మార్గము 1913లో హోసూరువరకు సాగినది. ఇవి వ్యాపారలాభమును చూచి వేసినవి కావు. కరవుకాలమున ధాన్యము చేర్చుటకై రక్షణమార్గములుగా ఎంపికైనవి. ఈ ఎంపికలో ప్రజల మాటకంటె కరవు భయమే బలముగా పనిచేసినది. అట్లు వచ్చినది అట్లే పోయినది: రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ చిన్నరైళ్లు మూతపడెను, పట్టాలు పెరికివేయబడెను. స్థానికనిధితో వేసియున్నచో, కనీసము ఎవరిని అడిగి పెరికితిరని బోర్డులో ఒకరైన ప్రశ్నించియుండెడివారు.

బళ్లారిలో కరవు రైలుకంటె రోడ్లనే ఎక్కువగా నిర్ణయించినది. 1876-78 నాటి మహాక్షామమున వేలకొలది జనమునకు పని చూపవలసి వచ్చెను. మట్టిపని, రాళ్లు కొట్టుపని సులభముగా చూపదగినవి గనుక కరవుపనులలో రోడ్లు ముందు నిలిచినవి. బాట యెచ్చటికి పోవలెనని గాక, ఆకలిగొన్న జనమెచ్చట నున్నారని చూచి గీత గీయబడెను. 1880 నాటి క్షామవిచారణసంఘము తరువాత వచ్చిన క్షామ నియమావళిలో, కరవు రాకముందే ప్రతిజిల్లాయు సహాయపు పనుల పట్టికను సిద్ధముగా నుంచవలెనను విధి చేర్చబడెను. కరవు నిధితో మొదలైన బాటకు ఆ తరువాత మరామతు ఎవరిదనునది ఎప్పుడును తెగని తగవు. నల్లరేగడిలో కంకర కరవు. దూరమునుండి బండ్లమీద తోలించిన కంకర రెండు వానలకు నేలలో దిగబడెడిది. వానకాలమున బళ్లారికి, ఆలూరు, శిరుగుప్ప పల్లెలకు నడుమ బండి కదలకుండుట సామాన్యము. నాటకసమాజములకు, తెలుగు నటులకు పుట్టినిల్లైన ఆ పట్టణమునకు పల్లెజనము ఆట చూచుటకు రావలెనన్న పైరు కోత ముగిసి, నేల గట్టిపడువరకు ఆగవలసి యుండెడిది.

1920 నాటి స్థానికబోర్డుల చట్టముతో ఎన్నికల ప్రాబల్యము పెరిగినది. కలెక్టరు అధ్యక్షపీఠమునుండి తొలగెను. అప్పటినుండి రోడ్డు రాజకీయమైనదను మాట తరచు వినబడుచుండును. నిజమునకు రోడ్డు మునుపును రాజకీయమే; అది అధికారుల గదినుండి సభామందిరమునకు వచ్చినదంతే. సభ్యుని ఊరికి కంకర చేరుట, ఓడినవాని ఊరికి చేరకపోవుట కన్నుల కగపడజొచ్చెను. అయినను అంచు తాలూకాలవారికి ఈ కాలమే కొంత మేలైనది. తాలూకాబోర్డులో తమ భాషలో అర్జీ పెట్టుకొనవచ్చును, పద్దు అడుగవచ్చును. 1934లో తాలూకాబోర్డులు రద్దగుటతో ఆ సౌకర్యమును పోయినది. పొదుపు, సమర్థత అను కారణములు చెప్పబడెను. దూరపు తాలూకావారికి మాత్రము అర్జీ మరల జిల్లాకేంద్రమునకు నడచినది.

ఇంతలో మోటారుబండి వచ్చినది. బండిచక్రమునకు చాలిన కంకర మోటారు చక్రమునకు చాలలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వము మోటారు వాహనములపై పన్ను విధించి, సుంకపుగేట్లను ఎత్తివేసి, బోర్డులకు కలిగిన నష్టమునకు పరిహార మిచ్చుట కేర్పాటు చేసినది. అంతకుముందే, జయకర్ అధ్యక్షతన 1927లో నియమింపబడిన సంఘము, రోడ్ల అభివృద్ధి స్థానికసంస్థల తాహతును మించిపోయినదని తేల్చినది. దాని ఫలితముగా 1929లో పెట్రోలుపై గాలనునకు 2 అణాల అదనపు సుంకముతో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడెను. ఆ నిధిలో రాష్ట్రముల వాటా వారి పెట్రోలు వినియోగమును బట్టి నిర్ణయింపబడినది. శిస్తుకు బదులు పెట్రోలు కొలబద్ద యైనది. మాగాణి తాలూకా స్థానమున నగరము వచ్చి కూర్చున్నది. మెట్ట తాలూకా ఉన్నచోటనే ఉన్నది.

1943 డిసెంబరులో నాగపురమున కూడిన రాష్ట్రముల ప్రధాన ఇంజనీర్లు తొలిసారి ఈ కొలబద్దలను మార్చ జూచిరి. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లారోడ్లు, గ్రామరోడ్లు అను తరగతులు వారు నిర్ణయించినవే. అభివృద్ధి చెందిన వ్యవసాయప్రాంతములో ఏ గ్రామమును పెద్దరోడ్డునకు 5 మైళ్లకంటె దూరముగా ఉండరాదని వారు లక్ష్యముగా పెట్టుకొనిరి. శిస్తు, పెట్రోలు కాక దూరము కొలతయగుట ఇదియే మొదలు. 1947లో జాతీయ రహదారులను కేంద్రము స్వీకరించెను. తక్కినవన్నియు రాష్ట్రములవే.

ఆ రాష్ట్రములే పిదప పదేండ్లలో ముక్కలై మరల కూడినవి. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు వచ్చెను. బళ్లారి, హోస్పేట, శిరుగుప్ప మున్నగునవి మైసూరునకు పోయెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసునకు పోగా, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. ఆ రెండేండ్లలోనే ఒక్కొక్క రాష్ట్రము తన స్థానికసంస్థలను తనకు తోచినట్లు పునర్నిర్మించుకొనెను. ఆంధ్రప్రదేశము 1959లో పంచాయతీ సమితులను, జిల్లాపరిషత్తులను ఏర్పరచినది. మైసూరు అదే సంవత్సరము తాలూకాబోర్డులకు బలమిచ్చి, జిల్లాస్థాయిలో సలహామండలితో సరిపుచ్చినది. మద్రాసు 1958 నాటి చట్టముతో పంచాయతీ యూనియనులను నెలకొల్పి, జిల్లాబోర్డులను తొలగించినది. ఒకనాడు బళ్లారి బోర్డు సభలో ఒకే బల్లచుట్టు కూర్చున్న ఆలూరువారును, శిరుగుప్పవారును అప్పటినుండి తమ నడుమనున్న బాటకొరకు రెండు రాజధానులను ఆశ్రయింపవలసి వచ్చెను; ఆనాడు ఒక రాష్ట్రమున సమితి, మరొక రాష్ట్రమున తాలూకాబోర్డు. ఒకరు వేసిన రోడ్డు రెండవవారి సరిహద్దువద్ద మట్టిబాటగా మారుట ఎవరి దురుద్దేశమును కాదు. ఇరువురి పట్టికలలోను ఆ చివరి రెండు మైళ్లు చిట్టచివర ఉండుటయే కారణము.

బస్సులకును ఇదే గతి. 1939 నాటి మోటారువాహన చట్టము ప్రకారము ఒక రాష్ట్రపు పర్మిటు మరొక రాష్ట్రమున చెల్లవలెనన్న అచ్చటి అధికారుల ప్రతిసంతకము కావలెను. రోడ్డున్నను బస్సు సరిహద్దున నిలిచిపోయి, ప్రయాణికులు మూటలు మోసికొని ఆవలి బస్సు నెక్కుట అంచు ఊళ్లలో చిరకాలము పరిపాటియైనది. తరువాతి రాష్ట్రముల నడిమి ఒప్పందములు ముఖ్యపట్టణముల మార్గములను సుగమము చేసినవి. పల్లె మార్గములకు ఆ భాగ్యము ఆలస్యముగా పట్టినది.

ఈ లోటు కేంద్రము దృష్టికి రాకపోలేదు. 1954లో అంతర్రాష్ట్ర ప్రాముఖ్యముగాని, ఆర్థిక ప్రాముఖ్యముగాని గల రాష్ట్రరోడ్లకు ప్రత్యేకముగా గ్రాంట్లిచ్చు పథకము మంజూరైనది. 2000 సంవత్సరపు కేంద్ర రోడ్డునిధి చట్టములోను ఈ రెండు శీర్షికలకు చోటు దొరకినది. సరిహద్దు నొక లోపముగా గుర్తించి, దానిని పూడ్చుటకు ధనము కేటాయించిన పథకము ఇదియే యని చెప్పవచ్చును. అయితే ప్రతిపాదన పంపవలసినది రాష్ట్రమే. తన పట్టికలో చిట్టచివరనున్న రెండు మైళ్లను కేంద్రమునకు మొదట పంపు రాష్ట్ర మరుదు.

యానాము ఈ చరిత్రలో ఒక మూలనున్నను, దాని పాఠము సూటిగా నుండును. 1954లో ఫ్రెంచి పాలన ముగిసి, 1962లో చట్టరీత్యా భారతదేశములో చేరిన ఆ చిన్న పట్టణమునకు పరిపాలనాకేంద్రము దూరాన నున్న పుదుచ్చేరి. దాని చుట్టునున్న ఊళ్లన్నియు ఆంధ్రప్రదేశమువి. యానాములోపలి వీథులను పుదుచ్చేరి వేయించగలదు. ఊరు దాటిన రెండవ అడుగు వేరొక ప్రభుత్వపు పద్దు. ఆవలిగట్టుననున్న ఎదుర్లంకకు గౌతమి దాటవలెనన్న చిరకాలము పంటుయే శరణ్యము. వరదలో పంటు ఆగినచో కోనసీమలోని బంధువు యానామువానికి పరదేశి. 2002లో యానాము-ఎదుర్లంక వంతెన తెరువబడెను. బాలయోగి పేరు దానికి పెట్టబడినది. కత్తిపూడినుండి కాకినాడ, యానాము, అమలాపురముల మీదుగా ఒంగోలువరకు పోవు దారి నేడు 216వ సంఖ్య గల జాతీయ రహదారి. మూడు వైపుల పరపాలనమున్న ఊరికి దారి స్థిరపడవలెనన్న, అది కేంద్రపు పద్దులోనికి ఎక్కవలసి వచ్చినది. బళ్లారి-గుంతకల్లు బాటయు అట్లే, అంకోలానుండి గుత్తికి పోయెడి నాటి జాతీయ రహదారిలో భాగమైన తరువాతనే సరిహద్దు చిక్కునుండి బయటపడినది.

గ్రామరోడ్ల ఎంపికలో కొత్త కొలత 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనతో వచ్చినది. మైదానములలో 500, కొండసీమలలో 250 జనాభా గల ఆవాసములకు అన్ని ఋతువులలో నడువదగిన రోడ్డు ఒకటి యుండవలెనని దాని సంకల్పము. మొదట వ్యయమంతయు కేంద్రమే భరించినది. 2015-16 నుండి అధికరాష్ట్రములలో 60:40 నిష్పత్తి. శిస్తు, పెట్రోలు, ఎన్నికలు అను పాత కొలతలతో పోల్చిన ఇది న్యాయమైనదే. మెట్టపల్లెకు, మాగాణిపల్లెకు ఇందులో భేదము లేదు. పట్టిక బ్లాకులవారీగా తయారై, జిల్లాపంచాయతీ ఆమోదము పొంది రాష్ట్రమునకు పోవును. కాని అన్ని ఋతువుల రోడ్డునకు 500 మీటర్లలోపున నున్న ఊరు, ఆ రోడ్డు ఎచ్చటికి పోయినను, దారి గల ఊరుగానే లెక్కింపబడును. తన బ్లాకుకేంద్రమునకు రోడ్డుండి, తాను ధాన్యమమ్ము సంతకు, పిల్లనిచ్చిన ఊరికి, పురిటికి పోవు ఆసుపత్రికి దారి లేని పల్లె ఈ లెక్కలో లోపము లేని పల్లె. అట్టివి అంచు తాలూకాలలోనే ఎక్కువగా ఉండుటకు వీలున్నది; ఏలనన అచ్చటి సంత, బంధుత్వము రాష్ట్రపు గీతకు పూర్వమే ఏర్పడినవి.

హోసూరునకు 1960 దశకపు చివర సేలము-బెంగుళూరు మార్గముతో రైలు మరల వచ్చినది. 1905లో రైలు చూచిన కృష్ణగిరికి, 2004లో జిల్లాకేంద్రమైన పిదపను, నేటివరకు రైలు లేదు. నౌపడ-గుణుపురము చిన్నరైలు 2004లో ఆగి, పెద్దపట్టాలతో 2011లో మరల నడచినది. అది నేటికిని టెక్కలి, పాతపట్నము దాటి, ఎవరి ప్రతిసంతకమును అడుగక పర్లాకిమిడి చేరుచున్నది.